నా పేర ఉన్న ఉదయాలు

మొదటి రోజు

వీసా పలక ఈ ఉదయం పడవలో వచ్చింది. అరచేతికన్నా కొంచెం పెద్దది, బరువు లేదు, వెనక వైపు నా దరఖాస్తు సంఖ్య ఉంది. తెరవగానే నిబంధనలు కనిపించాయి. ఏడుసార్లు చదివాను.

ఈ ఏడాది నుంచి అంతా కొత్త పద్ధతి. సర్టిఫికెట్లు అడగరు. ఇంటర్వ్యూ ఉండదు. పూచీ పడేవాళ్ళు అక్కర్లేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇరవై ఒక్క రోజులు తమ మాతృభాషలో దినచర్య రాయాలి. కనీసం పన్నెండు నమోదులు ఉండాలి. ప్రతి నమోదూ పొద్దు గుంకేలోపు ముగించాలి. ఒకసారి రాసింది చెరపడం కుదరదు. వీసా కార్యాలయంలో చదువరి అనే యంత్రం ఉంది. అది ప్రతి మాటా చదివి, ఊరి హాజరు లెక్క పక్కన పెట్టి చూస్తుంది. రెండూ కలిస్తే రాసినది నిజం. హాజరు ఎక్కువ ఉంటే ఊరితో బంధం గట్టిది, చదువయ్యాక ఆ మనిషి తిరిగి వస్తుంది. వాళ్ళ లెక్క అది.

చివరి నిబంధన ఇలా ఉంది: "ఏం చేశారో రాయండి. ఏమనిపించిందో రాయనక్కర్లేదు." దీని దగ్గర చాలాసేపు ఆగాను.

నా పేరు గనగళ్ల వరహాలు. వయసు పద్దెనిమిది. ఊరు మెరకవాడ. సముద్రపు గోడకి ఇవతల ఉన్న ఆరు వరుసల ఇళ్ళలో మాది మూడో వరుస. ఇంట్లో నేనూ అమ్మా ఉంటాం. ఉత్తర ద్వీపాల్లోని నుడి విద్యాలయంలో నాకు సీటు వచ్చింది. నీళ్ళలో కలిసిపోయిన ఊళ్ళ మాటల్ని ఏరి భద్రం చేసే చదువు అది. వాళ్ళు పంపిన మాదిరి పాఠంలో ఒక ప్రశ్న ఉంది: మీ ఊళ్ళో కెరటానికి ఎన్ని పేర్లు? నాలుగనుకున్నాను. ఆరు వరుసలూ తిరిగి అడిగితే పదిహేడు దొరికాయి. ఆ వారం నాకు తిండి మీద ధ్యాస లేదు.

సీటు కబురు వచ్చినప్పటి నుంచీ నేను ఒకచోట కుదురుగా కూర్చోవడం లేదని అమ్మ గొణుగుతోంది. ఇదంతా నిలబడే రాశాను.

చదువరి: నమోదు అందింది.

రెండో రోజు

అయిదింటికి సైరన్ మోగింది. అమ్మకి ఆవిరి పట్టి, కషాయం కాచి ఇచ్చాను. అయిదున్నరకి నూకరత్నం అత్త వచ్చి, గూట్లోంచి నా కడియం తీసి తొడుక్కుని, వడపోత మడులకి వెళ్ళింది. నేను గడప మీద కూర్చుని ఉత్తర ద్వీపాల భాషలో ఇరవై క్రియలు వల్లె వేశాను. ఎనిమిదింపావుకి అత్త తిరిగి వచ్చి కడియం గూట్లో పెట్టింది. చోడి అంబలి తాగింది. మధ్యాహ్నం ఆవిడకి తల దువ్వాను. గోడ అవతల కెరటాలు ఈ రోజు పొట్టిగా ఉన్నాయి.

చదువరి: నమోదు అందింది. పోలిక జరుగుతోంది.

మూడో రోజు

నాచు ఎండబెట్టాను. క్రియలు ఇంకో ఇరవై. పలక తొమ్మిదిసార్లు తెరిచి చూశాను. ఏమీ రాలేదు.

చదువరి: నమోదు అందింది.

నాలుగో రోజు

వచ్చింది. పలక తెరవగానే ఎర్ర గీత కింద ఈ మాటలున్నాయి:

"రెండో రోజు ఉదయం 5:40 నుంచి 8:10 వరకు మీరు వడపోత మడుల వద్ద ఉన్నట్టు హాజరు చెబుతోంది. మీ దినచర్య మీరు ఇంటి గడప మీద ఉన్నట్టు చెబుతోంది. పద్దెనిమిదో రోజులోపు వివరించండి. వివరణ లేకపోతే దరఖాస్తు మూసివేస్తాం."

నేను రాసినదాన్ని నేనే మళ్ళీ చదువుకున్నాను. అందులో తప్పేముందో మొదట నాకు కనిపించలేదు. అత్త నా కడియం తొడుక్కుని వెళ్ళింది. రోజూ వెళ్తుంది. పొద్దున లేచి పళ్ళు తోముకున్నాను అన్నంత మామూలుగా రాశాను. రెండోసారి చదివితే కనిపించింది.

కడియం అంటే హాజరు కడియం. ప్రతి ఇంటి నుంచి ఒకరు తెల్లవారుజామున, ఉప్పునీటిని ఇసుకలో వడగట్టే మడులకి వెళ్ళి పనిచేయాలి, అప్పుడే ఆ ఇంటికి తాగే నీళ్ళు. మడుల గేటు తలలు లెక్కపెట్టి, కడియాల్లో పేర్లు చదువుతుంది. చేయి ఎవరిదో చూడదు. ఇంట్లో జ్వరమో పురుడో ఉంటే పక్కింటివాళ్ళు ఆ ఇంటి కడియం తొడుక్కుని వెళ్తారు. వారం పోయాక వీళ్ళు వాళ్ళ కడియంతో వెళ్తారు. దాన్ని మేము బదులు అంటాం. పూర్వం నాట్లప్పుడు ఆడవాళ్ళు ఒకరి చేలో ఒకరు చేసినట్టే. ఇందులో మోసం ఉందని మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మా ఇంట్లో అది వారం కాలేదు, ఆరేళ్ళయింది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఉప్పు దుమ్ముకి అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంటి వంతు నా మీద పడింది. మొదటి రోజు పార పట్టుకుని బయల్దేరితే, మొదటి వరుసలో ఉండే నూకరత్నం అత్త దారిలో ఆపి కడియం ఊడదీసుకుంది. ఆవిడ మాకు చుట్టం కాదు. నాలుగు అక్షరాలు వచ్చినదానివి, ఇంటికెళ్ళి చదువుకో అంది. అప్పటి నుంచీ అంతే. నేను ఆవిడకి ఉత్తరాలు రాసి పెడతాను, కాగితాలు చదివి చెబుతాను. బదులు తీరిపోతోంది కదా అంటుంది ఆవిడ.

ఇదంతా రాశాక చూస్తే పొద్దు ఇంకా చాలా ఉంది. ఇది నా వివరణ కాదు. వివరణ ఏం రాయాలో ఆలోచించుకోవాలి.

చదువరి: రాసిన ప్రతిదీ నమోదులో భాగమే.

అయిదో రోజు

మడుల మేస్త్రీ సూరప్పడు బాబాయ్‌కి పలక చూపించాను. ముందు నవ్వాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఊళ్ళో సగం కడియాలు సగం రోజులు వేరేవాళ్ళ చేతుల మీద ఉంటాయని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. నేను రాశాను, అదీ చెరపడానికి వీల్లేని చోట.

"ఒలే వరాలూ, ఏం సేసావో రాయమంటే నువ్వు ఊరందరి బతుకూ రాసీసావేటే?"

ఆయనే దారి కూడా చూపించాడు. పలకలో కుడి మూల ఒక చిన్న గడి ఉంది. విద్యార్థులకి ఊహలు ఎక్కువని వీసావాళ్ళకీ తెలుసు కాబట్టి, మూడు నమోదుల వరకు "కల్పన" అని గుర్తు పెట్టుకోవచ్చు. గుర్తు పెట్టినదాన్ని చదువరి హాజరుతో పోల్చదు. రెండోదీ నాలుగోదీ కల్పన అనేస్తే సరి. అప్పుడు హాజరు లెక్క ఒక్కటే మిగులుతుంది, అందులో నేను ఆరేళ్ళుగా రోజూ మడులకి వెళ్ళిన పిల్లని. ఇంతకన్నా గట్టి బంధం ఎవరికుంటుందన్నాడు బాబాయ్. చిన్నప్పటి నుంచీ కథలు చెప్పేదాన్నే కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదట.

సాయంత్రంలోపు మూడో వరుస అంతా నాకు అదే సలహా చెప్పింది.

చదువరి: నమోదు అందింది. వివరణకు పదమూడు రోజులు ఉన్నాయి.

ఏడో రోజు

గడి మీద వేలు పెట్టాను, తీశాను. అలా నాలుగుసార్లు. నాచు ఎండలోంచి తీయడం మరిచిపోతే పెళుసెక్కిపోయింది. క్రియలు ఒక్కటీ బుర్రకి ఎక్కలేదు. అంబలి అడుగంటింది.

గుర్తు పెడితే ఎవరికీ నష్టం లేదు. ఇది రాసి, ఇది నిజమేనా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. నిజమే. అయినా ఎందుకు పెట్టలేకపోతున్నానో తెలియడం లేదు. బహుశా నేను రాసినవాటిలో ఆ రెండో రోజుదే అన్నిటికన్నా మామూలుది, దాన్ని కల్పన అనడానికి మనసు రాక. రేపు పెడతాను.

చదువరి: నమోదు అందింది.

తొమ్మిదో రోజు

నిన్న గుర్తు పెట్టలేదు. ఈ రోజు పెట్టడానికి వీల్లేకుండా పోయింది.

పొద్దున వార్డు ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. వానలయ్యాక మొదటి వరుసని సముద్రానికి వదిలేస్తున్నారు. గోడని రెండో వరుస ముందుకి జరుపుతారు. మొదటి వరుసవాళ్ళ కోసం మెరక మీద కొత్తగా ఏడో వరుస కడుతున్నారు. ఇళ్ళు ఇరవై నాలుగు. కుటుంబాలు అంతకన్నా ఎక్కువ. ఇదివరకు చీట్లు తీస్తామన్నారు. ఇప్పుడు మార్చారు. మడుల హాజరు ఎవరిది ఎక్కువుంటే వాళ్ళకి ముందు ఇస్తారు. పేరు రానివాళ్ళు కొండవతల శిబిరానికి వెళ్ళాలి. జాబితా నా దినచర్య లెక్కలో పద్దెనిమిదో రోజున మూస్తారు. నా వివరణకీ అదే ఆఖరి రోజు.

నూకరత్నం అత్తది మొదటి వరుస. చదువు రాదు కాబట్టి నేనే ఆఫీసుకి వెంట వెళ్ళాను. గుమాస్తా ఆవిడ పేరు చెప్పమని, తెర మీద చూసి, సున్నా అన్నాడు. ఆవిడకి వినబడలేదేమోనని ఇంకోసారి అన్నాడు.

అది ఎలాగంటే, వాళ్ళింటి వంతు ఆవిడ భర్త కడియం మీద నడిచేది. మూడేళ్ళ కిందట ఆయన వేరే రేవుకి వెళ్ళిపోయాడు. కడియంతోపాటు ఆయన హాజరూ వెళ్ళిపోయింది. ఒంటరి ఆడవాళ్ళకి వంతు మినహాయింపు కాబట్టి ఆవిడ పేర అసలు కడియమే లేదు. ఆవిడ చేసిన ఉదయాలన్నీ నా పేర ఉన్నాయి. పలకలో చూశాను. దరఖాస్తు పెట్టేనాటికి పద్దెనిమిది వందల డెబ్బై రెండు.

ఆఫీసు నుంచి వస్తూ దారంతా ఆవిడ ఈసారి ఎండు కవ్వళ్ళ చేపలు బాగా రాలేదని మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను.

చదువరి: నమోదు అందింది.

పదో రోజు

ఉన్నది ఉన్నట్టు వివరణ రాస్తానని అత్తకి చెప్పాను. వల బాగుచేస్తోంది. చేతులు ఆగలేదు, గొంతు మాత్రం పెరిగింది.

"ఆరేళ్ళు నీకోసం ఎల్లాననుకుంటన్నావా? పొద్దున్నే లెగిసి ఇంట్లో కూకుంటే నాకు పిచ్చెత్తిపోద్ది, అందుకెల్లాను. ఇప్పుడు నువ్వు ఆ దేశం ఎల్లకపోతే, ఆ పొద్దులన్నీ ఎందుకూ కాకుండా పోతాయి. అది తెలుస్తందా నీకు?"

తెలుస్తోంది అన్నాను. శిబిరంలో చెరువు నీళ్ళుంటాయట కదా, ఉప్పు ఉండదట కదా, హాయిగా ఉంటుంది అంది. శిబిరానికి వెళ్ళినవాళ్ళు రాసిన ఉత్తరాలు ఆవిడకి చదివి పెట్టింది నేనే. అక్కడ హాయి ఎంతో ఇద్దరికీ తెలుసు.

వాళ్ళు వచ్చి అడిగితే ఆ వేళకి తొంగున్నానని చెబుతాను, నువ్వేం రాసుకుంటావో రాసుకో అంది.

చదువరి: నమోదు అందింది.

పన్నెండో రోజు

ఇది నా వివరణ.

హాజరు లెక్కలో నా పేర ఉన్న 1,872 ఉదయాల్లో నేను ఒక్కదానికీ మడులకి వెళ్ళలేదు. అన్నిటికీ మొదటి వరుస నూకరత్నం వెళ్ళింది. రెండో రోజు నమోదు కల్పన కాదు. నాలుగోది కూడా కాదు. ఈ ఉదయాల్ని ఆవిడ పేర మార్చమని వీసా కార్యాలయాన్నీ మా వార్డు ఆఫీసునీ అడుగుతున్నాను. మా ఊళ్ళో మిగతావాళ్ళ సంగతి ఈ వివరణలో రాయడం లేదు, నన్ను అడగలేదు కాబట్టి.

ఇలా రాస్తే నా హాజరు సున్నా అవుతుందని నాకు తెలుసు. నిబంధనలు ఏడుసార్లు చదివాను.

చదువరి: వివరణ అందింది. సాక్షిని విచారిస్తాం.

పదమూడో రోజు

విచారించారు. వార్డు ఆఫీసులో తెర ముందు కూర్చోబెట్టి అత్తని అడిగారు. నన్ను బయట ఉండమన్నారు, కిటికీ తెరిచే ఉంది.

"ఆ గుంటకి కతలంటే సరదా బాబూ. ఆ ఏలకి నాను తొంగుంటాను. మడులెక్కడున్నాయో కూడా నాకు సరీగా తెలీదు."

బయటికొచ్చి నా వైపు చూడకుండా, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పలక మీద ఇలా వచ్చింది: "సాక్షి నిరాకరించారు. మీ రెండు, నాలుగు, పన్నెండో రోజుల నమోదులను కల్పనగా గుర్తు పెట్టుకునే అవకాశం ఉంది."

చదువరి లెక్కలో హాజరుకి అడ్డొచ్చినవి మూడు నమోదులు, నాకున్నవి మూడు గుర్తులు. సరిగ్గా సరిపోయింది.

పద్నాలుగో రోజు

వరుసలో అందరూ కుదుటపడ్డారు. సూరప్పడు బాబాయ్ రెండు పండుగప్పలు తెచ్చి ఇచ్చి, అత్త తెలివైనదన్నాడు. నేను గుర్తు పెట్టనని చెప్తే, చేపలు తిరిగి అడగలేక నిలబడిపోయాడు.

గుర్తు పెట్టను అని చదువరికి కూడా రాశాను. జవాబు వెంటనే వచ్చింది. యంత్రానికి కోపం ఉండదని తెలుసు, అయినా రెండుసార్లు చదివాను:

"అయితే వడపోత మడుల పనిని మీ మాటల్లో వర్ణించండి. మడుల్లోని పరికరాలు ఆరేళ్ళుగా నమోదు చేసిన వివరాలతో పోల్చి చూస్తాం. 1,872 రోజుల అనుభవం ఉన్నవారి మాటకూ లేనివారి మాటకూ తేడా ఉంటుంది."

అంటే బాగా రాస్తే నేను వెళ్ళినట్టు. రాయలేకపోతే వెళ్ళనట్టు. రాయలేకపోతే నాకు వీసా పోతుంది సరే, అంతమాత్రాన అత్త వెళ్ళినట్టు అవుతుందా? పొద్దున్నుంచీ ఇంటి చుట్టూ తిరుగుతూ ఇదే ఆలోచిస్తున్నాను. అమ్మ తనకి తల తిరుగుతోందని చెప్పి నన్ను కూర్చోబెట్టింది.

చదువరి: నమోదు అందింది.

పదిహేనో రోజు

నాకు తెలిసినంత రాశాను. రోజూ అత్త అంబలి తాగుతూ చెప్పే కబుర్లు వింటూనే ఉంటాను కదా, అవి. చివరికి చదివి చూసుకుంటే బాగుంది. "పార తగలగానే ఇసుక మీది ఉప్పు పొర పగిలి, పడుకున్న నేల ఊపిరి పీల్చినట్టు నీరు కిందికి దిగుతుంది." ఈ వాక్యం రాసినప్పుడు కాసేపు అన్నీ మరిచిపోయాను. అమ్మకి వినిపించాను. అమ్మ ఆరేళ్ళ కిందటి దాకా ఆ పని చేసింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, అత్తకి వినిపించు అంది.

చదువరి: ఇది మీ వర్ణనగా స్వీకరించాలా?

ఇప్పుడే వద్దు అని రాశాను.

పదహారో రోజు

అత్త మూడు రోజులుగా మా ఇంటికి కడియం కోసం వస్తోంది, వెళ్తోంది, మాట్లాడటం లేదు. ఈ రోజు పని నుంచి రాగానే గడపకి అడ్డంగా కూర్చుని, చదువుతాను విను అన్నాను. పలక నా ఒళ్ళో తెరిచే ఉంది. ఆవిడ అంబలి గిన్నె పట్టుకుని నిలబడే వింది. మూడో వాక్యం దగ్గర గిన్నె కింద పెట్టింది.

"పారతో గీకుతారని ఎవులు సెప్పారు నీకు?"

నువ్వే పార పట్టుకెళ్తావుగా అన్నాను.

"పార కాలవకి. మడి మీద పార ఏస్తే ఇసక తోలు లేసిపోద్ది. ఇంకా నెల్లాళ్ళు ఆ మడిలోంచి బురదనీళ్ళే." కూర్చుంది. నేల మీద అరచెయ్యి ఆనించి చూపించింది.

అక్కడి నుంచి గంటన్నర చెప్పింది. నేను రాసుకుంటూనే ఉన్నాను, ఆవిడ చూస్తూనే ఉంది. ముందు అరచెయ్యి ఆనించాలి. పైన చల్లగా ఉండి, వేలు గుచ్చితే లోపల గోరువెచ్చగా ఉంటే నీరు దిగడం లేదు, కింద జిగురు పట్టింది. అప్పుడు కొబ్బరిచిప్పతో అంచు దగ్గర మొదలుపెట్టి, పెనం మీది అట్టు లేపినట్టు ఉప్పు పొరని లేపాలి. మధ్యలో మొదలుపెడితే ముక్కలవుతుంది. ఒకటో మడి నీళ్ళు వదిలాక నూరు అంకెలు లెక్కపెట్టి రెండోది తెరవాలి. చలికాలం నూట యాభై. గాలి ఉత్తరం నుంచి వీచిన మర్నాడు నాలుగో మడి వాసన వేస్తుంది, దాన్ని అన్నిటికన్నా చివర తెరవాలి, లేకపోతే అయిదోది కూడా పాడవుతుంది. మేస్త్రీ వరసగా తెరవమంటాడు. ఆవిడ ఒక్కరోజూ వరసగా తెరవలేదు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో తుపాను వచ్చి మర్నాడు నాలుగో మడి కింద గొట్టం చిట్లింది. నీళ్ళు సగమే వచ్చాయి. చెబితే వారం రోజులు మడులు మూసేస్తారు, ఊరికి నీళ్ళుండవు. ఆవిడ చీర కొంగు చింపి, మైనం రాసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చిట్లిన చోట కూరింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ గుడ్డ ఇంకా అక్కడే ఉంది.

చెప్పడం అయ్యాక నా వేళ్ళ వైపు చూసింది.

"రాసీసావా?"

"రాసీసాను."

"సెరిపీ."

"చెరపడం కుదరదత్తా."

అంబలి మీద మీగడ కట్టింది. తాగకుండానే లేచి గడప దిగింది. నాలుగు అడుగులు వేసి ఆగింది.

"గాలి దచ్చినం నించి వస్తే నాలుగోది కాదు, మూడోది వాసనేస్తాది. అది సెప్పలేదు. సరీగా రాయి."

రాశాను. ఇదే నా వర్ణన. నా పదిహేనో రోజు వాక్యాలు అందంగా ఉన్నాయి, వాటిలో పని లేదు. మడుల గురించి నాకు తెలియదు. ఈ మాటలు చెప్పినది నూకరత్నం.

చదువరి: వర్ణన అందింది. పోలిక జరుగుతోంది.

పదిహేడో రోజు

పొద్దున్నే పలక తెరిస్తే ఎర్ర గీత లేదు. ఇలా ఉంది: "మీ పదిహేనో రోజు వర్ణన పరికరాల లెక్కలతో కలవలేదు. నూకరత్నం చెప్పిన వివరాలు, అంటే మడుల తలుపులు తెరిచిన వరుస, వ్యవధి, గాలి దిశతో మార్పులు కలుస్తున్నాయి. నాలుగో మడిలో నీటి ధార రెండేళ్ళ కిందట ఒక ఉదయం సగానికి పడి, గంటలోపు పెరిగినట్టు నమోదైంది. కారణం ఇంతవరకు తెలియదు. ఆ చోటును తవ్వి చూడవలసిందిగా వార్డు ఆఫీసును కోరాం."

తవ్వాల్సింది సూరప్పడు బాబాయ్. ఊరంతా మడుల గట్టు మీద నిలబడింది. నన్ను తిట్టేవాళ్ళు నాకు వినబడేలాగే తిట్టారు. ఒకావిడ, నీ చదువు మా కొంపకి చేటు తెచ్చిందని మొహం మీదే అంది. రేపటి నుంచి గేటు చేతులు కూడా చూస్తుందని అందరికీ భయం. నాకూ ఉంది. అత్త రాలేదు.

బాబాయ్ మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి లాగాడు. మైనం పట్టి గట్టిపడిన నీలం గుడ్డ, జానెడు. నీళ్ళు ఒక్కసారి బుసకొట్టాయి. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అదే చోట కూరాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మేస్త్రీ. గట్టు మీద ఎవరి వైపూ చూడకుండా, "నా మడి కింద రెండేళ్ళు. నాకు తెలీదు" అన్నాడు. తర్వాత వెళ్ళి, ఆ ఉదయాలు నూకరత్నానివేనని ఆఫీసులో సాక్షిగా వేలిముద్ర వేశాడు.

చదువరి: నమోదు అందింది. హాజరు సవరణ మొదలైంది.

పద్దెనిమిదో రోజు

జాబితా గోడకి అంటించారు. నూకరత్నం పేరు మొదటిది. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఉదయాలు ఆవిడవే. నేను ఆవిడకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. ఏడో వరుస నుంచి మడులకి నడక దూరం ఎక్కువవుతుందని విసుక్కుంది.

చదువరి: నమోదు అందింది.

ఇరవయ్యో రోజు

ఫలితం ఒక రోజు ముందే వచ్చింది.

"మీ దినచర్య నిజమని నిర్ధారించాం. హాజరు: 0 రోజులు. ఊరితో బంధం చాలినంతగా రుజువు కాలేదు. వీసా నిరాకరించాం. సొంత హాజరు మూడు వందల రోజులు నిండాక మళ్ళీ దరఖాస్తు చేయవచ్చు."

నుడి విద్యాలయం ఏడాది పాటు సీటు ఆపుతుందా అని ఉత్తరం రాశాను. అక్కడి నుంచి జవాబు రావడానికి నెల పడుతుంది. నెల అంటే ఎన్ని గంటలో లెక్క వేశాను. తర్వాత వేయకుండా ఉండాల్సింది అనుకున్నాను. సామాను సర్దుతున్నట్టు పెట్టె తీసి, ఏమీ పెట్టకుండా మూశాను. అమ్మ పక్కన పడుకుని ఆవిడ ఊపిరి వింటూ ఉన్నాను. ఏమనిపించిందో రాయనక్కర్లేదు.

ఇరవై ఒకటో రోజు

పలక ఈ సాయంత్రం పడవలో తిరిగి వెళ్తుంది. నమోదులు పన్నెండు దాటాయి, ఇది రాయక్కర్లేదు కూడా.

అయిదున్నరకి కడియం తొడుక్కుని వెళ్ళాను. నా చేతికి వదులుగా ఉంది, ఆరేళ్ళు ఇంకో చేతి లావుకి సాగింది. గేటు నా తల లెక్కపెట్టి లోపలికి వదిలింది. అత్త చేతికి కొత్త కడియం ఉంది, ఒంటరి ఆడవాళ్ళకిచ్చే మినహాయింపు తనకి వద్దని రాయించుకుంది. నాకు నాలుగో మడి అంచు ఇచ్చారు. అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు. పొర లేపబోతే మూడు ముక్కలైంది. పక్క మడిలో ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు, చిప్ప నా చేతిలో తిప్పి పట్టించి వెళ్ళింది.

పొర కింద, ఇసుకకీ ఇటుకకీ మధ్య సందులో ఏదో ఉంది. నాచు కాదు. బురద కూడా కాదు. తెల్లగా, తాడులా, చల్లగా ఉంది. పట్టుకుంటే వేళ్ళ మధ్య నుంచి జారి మళ్ళీ సందులోకి పోతోంది. దీనికి ఒక మాట ఉండే తీరాలి అనుకున్నాను.

"అత్తా, దీన్ని ఏమంటారు?"

ఆవిడ వంగిన చోటి నుంచి తల ఎత్తలేదు.

"ఏటీ అనరు. తీసీడమే."

తీశాను. జారిపోయింది. మళ్ళీ తీశాను.